ఆ గుడ్డముక్క లాక్కోకండి

సంపాదకులకు నమస్కారం.

నేను పశుసంవర్ధక శాఖలో 34 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఊళ్ళో అందరూ ‘పశువుల డాక్టరుగారు’ అనేవాళ్ళు గానీ నేను డాక్టర్ని కాను, కాంపౌండర్ని. డాక్టరుగారు వారానికి రెండు రోజులొచ్చేవారు, మిగతా రోజుల్లో సూదులూ కట్లూ నా పని. ముందే ఈ సంగతి చెప్పడం ఎందుకంటే, కింద రాసేదంతా ఆటిజం గురించి. వైద్యం తెలిసినవాడిలా మాట్లాడుతున్నాడని ఎవరూ అనుకోకూడదు. నాకు తెలిసింది ఒక్క పిల్లాడు. మా అమ్మాయి కొడుకు. ఎనిమిదేళ్ళు నిండాయి, వేటపాలెంలో మా ఇంట్లోనే ఉంటాడు. అల్లుడికి చెన్నైలో ఉద్యోగం, శని ఆదివారాలు రైల్లో వచ్చి పోతుంటాడు.

పోయిన నెల బడిలో వీడి చేతిలోంచి ఒక గుడ్డముక్క లాక్కున్నారు. దాని గురించే ఈ ఉత్తరం.

గుడ్డముక్క అంటే మా ఆవిడ పాత నేత చీర అంచు. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని అటూ ఇటూ రాస్తుంటాడు. చూసేవాళ్ళకి ఏదో పిచ్చి అలవాటులా ఉంటుంది. కానీ ఎలాంటి గుడ్డ పడితే అలాంటిది వాడికి పనికిరాదు. మా అమ్మాయి తన చున్నీ అంచు కత్తిరించి ఇచ్చింది, విసిరికొట్టాడు. మిల్లు చీర అంచు ఇచ్చింది, వేలితో ఒకసారి తడిమి పక్కన పెట్టేశాడు. చేనేత చీర అంచులో పేక దారం, అంటే అడ్డంగా నేసే దారం, వెనక్కి మళ్ళే చోట సన్నటి గరుకు ఉంటుంది. ఎన్నేళ్ళు ఉతికినా చీర మెత్తబడుతుంది గానీ ఆ గరుకు పోదు. మగ్గాల వీధిలో ఇన్నేళ్ళు కాపురమున్న నాకు ఆ సంగతి వీడు చెబితేగానీ తెలియలేదు.

క్లాసులో అది చూసిన టీచరు ‘ఈ మురికి గుడ్డ ఏమిట్రా’ అని తీసి చెత్తబుట్టలో పడేశారట. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. శుభ్రత నేర్పాలనే అనుకుని ఉంటారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాడి చొక్కా కాలరు నమిలి నమిలి పీలికలైంది. రెండో రోజు ఎడమ మణికట్టు మీద పంటిగాట్లు. మూడో రోజు మా ఇంటి గేటు ఊచలు పట్టుకుని వదల్లేదు. వాడు మాట్లాడేది తక్కువ, ఏదైనా రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. ‘అంచు లేదు’ అన్నాడు. అప్పటికిగానీ మాకు అసలు సంగతి తెలియలేదు.

వీడికి ఏం పడదో చెప్పాలంటే పెద్ద జాబితానే అవుతుంది, కొన్నే చెబుతాను. చొక్కా మెడ వెనక లేబులు. దాన్ని కత్తెరతో కత్తిరిస్తే సరిపోదు, మిగిలిన మొదలు ఇంకా గట్టిగా గుచ్చుకుంటుంది. కుట్టు విప్పి మొత్తం లాగెయ్యాలి. మేజోళ్ళు తిరగేసి తొడగాలి, వేళ్ళ దగ్గర కుట్టు లోపల ఉంటే అడుగు వెయ్యడు. కొత్త బట్టలు పండక్కి తొడగాలంటే మా ఆవిడ నెలరోజుల ముందే కొనిపించి నాలుగైదు సార్లు నీళ్ళలో జాడించి గంజి వదలగొడుతుంది. పండగనాడు కొత్త బట్టల్లోనూ పాతగా కనిపించేవాడు మా బజార్లో వీడొక్కడే.

వేడన్నంలో నెయ్యి వేస్తే తింటాడు. పప్పు అన్నానికి తగలకూడదు. పెరుగన్నంలో ఒక్క ఆవగింజ నాలుక్కి తగిలిందంటే పళ్ళెం అవతలికి నెట్టేస్తాడు. అప్పడాలూ జంతికలూ మాత్రం ఎన్ని పెట్టినా వద్దనడు, అవి నోట్లో ఎలా విరుగుతాయో ముందే తెలుసు గదా. మిక్సీ వేస్తే వీధి చివర ఉంటాడు. అదే పిండి రుబ్బే గ్రైండర్ గంటసేపు తిరిగినా దానికి వీపు ఆనించి కూర్చుంటాడు. మొన్నొకసారి తుమ్మముల్లు అరికాల్లో దిగి విరిగింది. సాయంత్రం కాళ్ళు కడిగేటప్పుడు మేం చూసేదాకా వాడు ఏడవనే లేదు. లేబులు గుచ్చుకుంటే గోల పెట్టేవాడు ముల్లు దిగితే ఊరుకోవడం చూసి మా చుట్టాలాయన ఒకరు ‘అంతా నటన’ అని తేల్చేశారు. ఆయనకి నేను జవాబు చెప్పలేదు. అప్పటికి నాకూ తెలియదు.

తర్వాత మా అమ్మాయి చదివి వినిపించింది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల్ని చూసి ఆటిజం గురించి పేరుపడ్డ వ్యాసం రాశాడు. అందులోనే ఉంది, ఈ పిల్లలు వాక్యూమ్ క్లీనర్లకీ లిఫ్టులకీ గుడ్లు గిలక్కొట్టే యంత్రాలకీ, చివరికి గాలి వీచినా బెదురుతున్నారని. ఆయన రాసిన గుడ్లు గిలక్కొట్టే యంత్రమే మా ఇంట్లో మిక్సీ అనుకున్నాను. మానసిక వైద్యులు నిర్ధారణ చేయడానికి చూసుకునే అమెరికా పుస్తకం ఐదో కూర్పు 2013లో వచ్చింది. చప్పుళ్ళూ వెలుగులూ స్పర్శా మరీ ఎక్కువగా తగలడం, లేదా మరీ తక్కువగా తగలడం, రెండింటినీ దాంట్లో ఆటిజం లక్షణంగా చేర్చారు. తక్కువ కూడా అన్నారు చూశారా. ముల్లు సంగతి అదీ. ఒకే ఒంట్లో ఒక తలుపు బార్లా తెరిచి ఉంటుంది, ఇంకోటి మూసుకుపోయి ఉంటుంది.

మన దగ్గరా ఇది కొత్త కాదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక వికలాంగుల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. ఆటిజం ఎంత ఉందో లెక్కగట్టడానికి మన దేశంలో వాడే 40 ప్రశ్నల కొలమానం వాళ్ళు తయారుచేసిందే. దాంట్లో ఆరు భాగాలుంటే ఒక భాగం పూర్తిగా ఇంద్రియాల గురించే. వైకల్య సర్టిఫికెట్ కోసం మేం వెళ్ళిన చోట ఆ ప్రశ్నలు అడిగారు కూడా. చప్పుళ్ళకి చెవులు మూసుకుంటాడా అని అడుగుతున్నప్పుడే పక్కన టోకెన్ నంబర్లు మైకులో అరుస్తున్నారు, వీడు నా లుంగీలో తల దూర్చి ఉన్నాడు. నేనేం చెప్పనక్కర్లేకపోయింది.

ఇక వీడు కనిపెట్టుకున్న ఉపాయాల దగ్గరికి వస్తాను. నాకు రాయాలనిపించింది అసలు వాటి గురించే.

మా ఇల్లు మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చింది. పాత మగ్గం ఇల్లు. మా మామగారు పోయాక మగ్గం విప్పి అటకెక్కించాం, గుంట మాత్రం మిగిలింది. గుంట మగ్గం చూడనివాళ్ళు ఈ రోజుల్లో చాలామందే ఉంటారు కాబట్టి చెబుతున్నాను. నేసే మనిషి నేలమట్టానికి కూర్చుని, కాళ్ళు కిందికి దింపి తొక్కుడు కర్రలు తొక్కడానికి తవ్విన గొయ్యి అది. దానిమీద చెక్కలు పరిచి బియ్యం బస్తాలు పెట్టుకునేవాళ్ళం. వీడికి ఐదేళ్ళప్పుడు చెక్కలకి చెదలు పట్టాయని ఒకరోజు పొద్దున తీసేశాం. మధ్యాహ్నానికి పిల్లాడు కనపడలేదు. వీధంతా వెతికాం, పక్కింటి బావిలోకి తొంగి చూశాం, మా అమ్మాయి రైలు పట్టాలవైపు పరిగెత్తింది. చివరికి మా ఆవిడ గుంటలో చూసింది. వీపు ఒక గోడకి ఆనించి, పాదాలు ఎదుటి గోడకి తన్నిపెట్టి, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నిద్రపోవడం లేదు, ఆడుకోవడం లేదు. ఊరికే ఉన్నాడు. వాడు ఊరికే ఉండడం అంతకుముందు మేమెవరం చూళ్ళేదు.

ఆ రోజు నుంచి గుంట వాడిదే. బడి నుంచి రాగానే సంచీ పడేసి అందులోకి దిగుతాడు. పావుగంట, ఒక్కోరోజు గంట. పైకొచ్చాక అన్నం అడుగుతాడు. ఈ వరస ఎవరైనా చెడగొడితే ఆ సాయంత్రం ఇల్లు ఇల్లులా ఉండదు. మా అల్లుడు ఇంటికి టైల్స్ వేయిస్తూ గుంట కూడా పూడ్పించేద్దామన్నాడు. మేస్త్రి వచ్చి కొలతలు తీసుకున్నాడు. వీడు అందులో కూర్చుని లేవలేదు. మేస్త్రి అరగంట చూసి, టీ తాగి, ‘ఇంకోసారి వస్తాలెండి’ అని వెళ్ళాడు. రెండేళ్ళయింది, ఆ గది ఇంకా గచ్చునేలే. అల్లుడు మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఈమధ్య శనివారాలు చెన్నై నుంచి వచ్చి తనూ గుంట గట్టు మీద కూర్చుని, ఫోను పక్కన పెట్టేసి కాళ్ళు లోపలికి వేలాడేస్తున్నాడు.

పక్కింట్లో ఇంకా మగ్గం ఆడుతుంది. గుంటలో కూర్చుంటే ఆ చప్పుడు నేలలోంచి వస్తుందనుకుంటాను. పేక దారం మోసే నాడె అటు వెళ్ళి ఇటు వస్తుంది, దారాన్ని అదిమే పలక పడుతుంది, మళ్ళీ నాడె. వీడు ఆ వరసకి తగ్గట్టు తల ఊపుతుంటాడు. దారం తెగితే మగ్గం ఆగుతుంది గదా, అప్పుడు తలెత్తి చూస్తాడు. మళ్ళీ మొదలయ్యేదాకా అలాగే చూస్తుంటాడు. పక్కింటాయన ఒకసారి నాతో నవ్వుతూ అన్నాడు, ‘దారం తెగినా మా ఇంట్లో నా గురించి ఇంత పట్టించుకునేవాళ్ళు లేరండీ’ అని.

క్షవరం సంగతి కూడా ఆ గుంటే తీర్చింది. పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు నలుగురం పట్టుకున్నాం వీణ్ణి. ఆ అరుపు మా అమ్మాయి ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత మూడేళ్ళు కత్తెర చూస్తే పారిపోయేవాడు. ఒకసారి గుంటలో ఉండగా వాడే జుట్టు కళ్ళ మీదికి పడితే పైకి తోసుకుంటూ ‘కట్’ అన్నాడు. మా మంగలాయన ఇంటికొచ్చి, గచ్చు మీద బాసింపట్టు వేసుకుని, నేలమట్టానికున్న ఆ తలని మిషన్ లేకుండా ఒక్క కత్తెరతో గంటన్నరలో పూర్తిచేశాడు. నలభై ఏళ్ళ సర్వీసులో కస్టమరు కాళ్ళ దగ్గర కాకుండా తల దగ్గర కూర్చుని చేసిన మొదటి క్షవరం ఇదేనట. వాడి ఒళ్ళంతా గోడల మధ్య గట్టిగా ఇరుక్కుని ఉంటే మెడ మీద రాలే వెంట్రుకల్ని ఓర్చుకోగలుగుతున్నాడు. బయట కుర్చీలో ఓర్చుకోలేడు.

ఇక్కడ నా పశువుల ఆసుపత్రి గుర్తొచ్చింది. మా ఆసుపత్రి ముందు నాలుగు స్తంభాల ట్రావిస్ ఉండేది, రైతులు బోను అనేవాళ్ళు. బెదిరిన గిత్తని అందులోకి ఎక్కించడమే కష్టం. ఎక్కాక రెండు పక్కలా దూలాలు ఒంటికి ఆనితే, చాలా పశువులు నిలబడిపోతాయి, ఊపిరి నెమ్మదిస్తుంది. ఇంకోటి కూడా ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే మా డాక్టరుగారు నేర్పారు. ఎద్దు మీద చెయ్యి వేస్తే అరచెయ్యి మొత్తం గట్టిగా ఆనించి వెయ్యాలి, వేలికొసలతో తాకకూడదు. వేలికొస తగిలితే దానికి ఈగ వాలినట్టుంటుంది, చర్మం విదిలించి కాలు ఝాడిస్తుంది. అరచెయ్యి ఆనితే ఊరుకుంటుంది. నేను రెండు తన్నులు తిన్నాక నేర్చుకున్నాను.

మా మనవడూ అంతే. బుగ్గ గిల్లితే, తల నిమిరితే మండిపడతాడు. ముద్దొచ్చే పిల్లాడని చుట్టాలు చేసేదేమో ఆ రెండే పనులు. అదే వాడికి బాగా కష్టమనిపించినప్పుడు నా దగ్గరికొచ్చి బూరుగుదూది పరుపు మంచం మీంచి కిందికి లాగి, దాని కింద దూరి, తల బయట పెట్టి ‘తాతా, కూర్చో’ అంటాడు. అంటే పరుపు మీద కూర్చోమని. నేను పూర్తి బరువు వెయ్యకుండా మోచేతుల మీద ఆని ఒరుగుతాను. మెడ మీద గానీ ఛాతీ మీద గానీ పడనివ్వను, తల ఎప్పుడూ బయటే ఉండాలి, వాడు ‘చాల్’ అన్న క్షణం లేవాలి. ఇవి మేం పెట్టుకున్న షరతులు. ఇది చదివి ఎవరూ పిల్లల మీద పరుపులు కప్పి కూర్చోకండి. అడిగేది పిల్లాడై ఉండాలి, ఆపేదీ పిల్లాడే అయి ఉండాలి.

ఈ ట్రావిస్ పోలిక నేను మా అమ్మాయితో అంటే దానికి కోపమొచ్చింది. ‘నా కొడుకుని దూడతో పోలుస్తావా నాన్నా’ అంది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి తనే ఫోను పట్టుకొచ్చి ‘ఇది చూడు’ అంది. టెంపుల్ గ్రాండిన్ అని అమెరికాలో పశుశాస్త్రం ప్రొఫెసరు, 1947లో పుట్టారు. ఆవిడకి ఆటిజం. కౌగిలించుకుంటే భరించలేరు, కానీ ఒంటిని ఏదైనా గట్టిగా అదిమితే బాగుండుననిపించేదట. చదువుకునే వయసులో బంధువుల పశువుల క్షేత్రానికి వెళ్ళినప్పుడు, సూదులు వేసే బోనులో పశువులు నెమ్మదించడం చూసి తనే అందులోకి దూరి మూయించుకున్నారట. తర్వాత అలాంటిదే చెక్కలతో తనకోసం తయారుచేసుకున్నారు. ఎంత గట్టిగా నొక్కాలో లోపలున్న మనిషే సరిచేసుకునేలా. ఆ పెట్టె మంచిది కాదు, తీసెయ్యమని చదువుకునే చోట పెద్దలు పట్టుబట్టారు. ఆవిడ వదల్లేదు. 1992లో దాని మీద పరిశోధన వ్యాసమే ప్రచురించారు, గట్టి ఒత్తిడి ఒంటిని ఎలా నెమ్మదింపజేస్తుందో మనుషుల్లోనూ పశువుల్లోనూ కలిపి రాశారు. పశువుల్ని బెదరకుండా నడిపించే దారులూ బోన్లూ డిజైన్ చేయడంలో ఇప్పుడు ప్రపంచమంతా ఆవిడ మాట వింటుంది.

అంతా చదివాక మా అమ్మాయి ‘సరే, దూడతో పోల్చుకో’ అంది.

చర్మం, కన్ను, చెవి, ముక్కు, నాలుక అని చిన్నప్పుడు ఐదు ఇంద్రియాలు చెప్పారు మనకి. ఒంగోల్లో మేం వారానికోసారి తీసుకెళ్ళే థెరపీ అమ్మాయి ఇంకో రెండు చెప్పింది. చెవి లోపల ఉండి ఒళ్ళు ఎటు వాలిందో చెప్పేది ఒకటి. కీళ్ళలో కండరాల్లో ఉండి కాళ్ళూ చేతులూ ఎక్కడున్నాయో, ఎంత బలం పడుతోందో చెప్పేది ఇంకోటి. ఈ రెండో వార్త వీడికి సరిగా అందదనుకుంటా, అందుకే గోడకి కాళ్ళు తన్నిపెట్టి, పరుపు కింద దూరి తన ఒంటిని తనే వెతుక్కుంటున్నాడు. ‘మీ మనవడు నేను చెప్పాల్సినవి సగం ముందే కనిపెట్టేశాడండీ’ అంది ఆ అమ్మాయి. ఫీజు మాత్రం తగ్గించలేదు.

బిందె కథ చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు. మా ఇంట్లో పాత ఇత్తడి బిందె ఉంది, మూతి వెడల్పుది. కుక్కరు పెట్టినప్పుడల్లా వీడు ఖాళీ బిందెలో ముఖం పెట్టి ‘మ్‌మ్‌మ్’ అని రాగం తీస్తాడు. ఆ చప్పుడు తిరిగి వాడి చెవులకే చేరి లోపలంతా మోగుతుంది, బయట విజిల్ దానిలో మునిగిపోతుంది. విజిళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటాడు, మూడు అవగానే తల తీస్తాడు. మా ఆవిడ ఒకసారి మరిచిపోయి నాలుగోది రానిచ్చింది. ఆ నాలుగో విజిల్‌కి ఏడ్చిన ఏడుపు ముందు మూడింటికీ కలిపి కూడా ఏడవలేదు. అప్పటి నుంచి ఆవిడ కుక్కరు దగ్గర నుంచి కదలదు. అన్నం ఎప్పుడూ మూడు విజిళ్ళదే, మెతుకు ఎలా ఉన్నా సరే.

మొన్న వైశాఖంలో దగ్గరి పెళ్ళికి వెళ్ళక తప్పలేదు. ఏసీ ఫంక్షన్ హాలు, బ్యాండు మేళం, డ్రోన్ కెమెరా, తలంబ్రాల టైములో పేపర్ గన్‌లు. అరగంటకి వీడు మాయమయ్యాడు. వెనక వంటవాళ్ళ దగ్గర పక్కకి పడుకోబెట్టిన గంగాళంలోకి తల దూర్చి రాగం తీస్తున్నాడు. వంటమేస్త్రి భయపడలేదు, తిట్టలేదు. ‘పిల్లోడికి లోపల చల్లగుంది, ఉండనివ్వండి’ అని తడిగుడ్డతో గంగాళం తుడిచి వెళ్ళాడు. హాల్లో ఉన్న బంధువుల్లో ఒకావిడ మాత్రం మా అమ్మాయితో, ‘ఒక దెబ్బ వెయ్యకపోతే ఇలాగే తయారవుతారు’ అంది. ఆ హాల్లో పెళ్ళికూతురికో గది, పెళ్ళికొడుక్కో గది, ఫొటోగ్రాఫర్ల సామాన్లకి కూడా ఒక గది ఉంది. దీపం తక్కువగా, స్పీకరు లేని చిన్న గది ఒకటి ఉంటే ఎంత బావుండును. వీడికే కాదు, చంటిపిల్లల తల్లులకీ, నాలాంటి ముసలివాళ్ళకీ పనికొస్తుంది.

గుంట పనిచెయ్యని రోజు కూడా ఒకటుంది. పోయిన వినాయక చవితి నిమజ్జనం. డీజే బండి మా వీధి మలుపులో రెండు గంటలు ఆగింది. మామూలు చప్పుడైతే గుంటలో తగ్గుతుంది, కానీ ఆ డ్రమ్ము దెబ్బ నేలలోంచే వచ్చింది. వాడు ఎక్కడ దాక్కుంటాడో అక్కడికే వచ్చి కొట్టింది. పైకొచ్చి తల గోడకేసి కొట్టుకున్నాడు. అప్పుడు స్కూటరు మీద ముందు నిలబెట్టుకుని రామాపురం సముద్రానికి తీసుకుపోయాను. రాత్రి పదిన్నర. ఆ అలల హోరు డీజేకి ఏం తీసిపోదు, నాకే చెవులు గింగుర్లెత్తాయి. వీడు మాత్రం ఇసకలో పడుకుని, తడి ఇసక కాళ్ళ మీద మోకాళ్ళదాకా కప్పుకుని, పావుగంటలో చల్లబడ్డాడు. అప్పుడు నాకు తట్టింది. చప్పుడు పెద్దదా చిన్నదా అని కాదు వాడి బాధ. తర్వాతది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం బాధ. అలకి ఒక వరస ఉంది, మగ్గానికి ఉంది, గ్రైండరుకి ఉంది. మిక్సీకి లేదు, డీజేకి లేదు, బుగ్గ గిల్లే చెయ్యికి అసలే లేదు. స్టేషన్‌లో రైలు కూత అంటే వీడికి ప్రాణభయం, అయినా ప్లాట్‌ఫాం మీద నిలబడతాడు. ఎందుకంటే సిగ్నల్ రంగు మారడం చూసి, తన లెక్కలు తను వేసుకుని, కూతకి ముందే చెవులు మూసుకుంటాడు.

ఉత్సవాలు మానెయ్యమని నేననను. నేనూ చిన్నప్పుడు కనకతప్పెట వెంట మైళ్ళు నడిచినవాణ్ణే. కానీ 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఊరికే రాయలేదు గదా. ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకులు పెట్టకూడదు. బడికీ ఆసుపత్రికీ కోర్టుకీ వంద మీటర్ల లోపు నిశ్శబ్దంగా ఉండాలి. పండగలకి కొన్ని రోజులు రాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే వీలుంది, ఇచ్చినా ఆ రోజులకి లెక్కుంది. ఈసారి మా వీధి కుర్రాళ్ళని పిలిచి కూర్చోబెట్టి చెప్పాను. డీజే మానం అన్నారు, నిజాయితీగానే చెప్పారు. కానీ బండి మా మలుపుకి వచ్చే అరగంట ముందు ఒక కుర్రాణ్ణి పంపి చెబుతామన్నారు, మలుపులో ఆపం అన్నారు. నాకది చాలు. ముందు తెలిస్తే మేం సముద్రం దగ్గరుంటాం.

మళ్ళీ గుడ్డ దగ్గరికి వస్తాను. బడికి వెళ్ళి పెద్ద మేడమ్‌గారిని కలిశాం. ఆవిడ వినేముందే ‘మిగతా పిల్లలు కూడా ఏదో ఒకటి తెస్తారండీ’ అన్నారు. తేనివ్వండి అన్నాను. కళ్ళజోడు పెట్టుకున్న పిల్లాణ్ణి చూసి మిగతావాళ్ళూ కళ్ళజోళ్ళు కావాలని రెండు రోజులు ఏడుస్తారు, మూడో రోజు మర్చిపోతారు. మా అమ్మాయి కాగితాలు తీసుకొచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 21 రకాల వైకల్యాలు గుర్తించారు, అందులో ఆటిజం ఉంది. 16వ సెక్షన్ ప్రకారం బడులు పిల్లాడి అవసరాన్ని బట్టి తగిన సదుపాయం చెయ్యాలి. సదుపాయం అనగానే లిఫ్టులూ ర్యాంపులూ గుర్తొస్తాయి అందరికీ, డబ్బు ఖర్చవుతుందని భయపడతారు. మేం అడిగింది జానెడు గుడ్డ, అదీ మేమే తెచ్చుకుంటాం.

ఆవిడ కాగితాలు చదివారు. చేతిలో కనపడకుండా ఉంటే సరేనన్నారు. నాకు ఆ ‘కనపడకుండా’ నచ్చలేదు. అయినా మా ఆవిడ గొడవొద్దని, నిక్కరు కుడి జేబు లోపల అంచు ముక్కని రెండు పక్కలా కుట్టేసింది. ఇప్పుడు చెయ్యి జేబులో పెట్టుకుని పాఠం వింటున్నాడు. మణికట్టు గాట్లు మానాయి. రాసేటప్పుడు పుస్తకం జారిపోతోందని టీచరే ఒక చెక్క బిళ్ళ బరువు పెట్టారట, ఎవరూ చెప్పకుండానే. ఆవిడ చెడ్డ మనిషి కాదని ముందే అన్నాను.

ఆఖరుగా ఒక చిన్న సాయం అడగాలి. ఆ చీర మా అత్తగారు నేసింది, 80 నంబరు నూలు, అంచు ముదురు ఆకుపచ్చ. వీడు ఆరు నెలలకో ముక్క అరగదీస్తాడు. నిన్న మా ఆవిడ కొలిచి చూస్తే ఇక మూడు మూరల అంచు మిగిలింది. చీరాల, జాండ్రపేట, ఈపూరుపాలెం వైపు ఎవరి పెట్టెలోనైనా కట్టుకోవడం మానేసిన పాత నేత చీరలుంటే, చిరిగినవైనా సరే, కొనుక్కుంటాం. కొత్తవి వద్దు. కనీసం పదేళ్ళు ఉతికి ఉండాలి. రంగు ఏదైనా ఫర్లేదు, వాడు రంగు చూడడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కాంపౌండరు,
వేటపాలెం.

(నా పేరు వెయ్యొద్దని మనవి. చిరునామా పత్రికాఫీసుకి విడిగా రాశాను.)